ఫోలిక్ యాసిడ్ నెల తప్పకముందే మొదలుకావాలి: పిల్లల కోసం ఎదురుచూసేవారికి జాగ్రత్తలు

గత వారం నా దగ్గరకు టిఫా స్కాన్‌కు (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే స్కాన్) వచ్చిన 20 వారాల గర్భిణికి, బిడ్డ వెన్నెముక నడుము దగ్గర మూసుకోలేదని తెలిసింది. ఆమె రబ్బరు బ్యాండు వేసి దాచుకున్న ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) మాత్రల ఖాళీ అట్టలను సంచిలోంచి తీసి, ఒక్కరోజు కూడా మానలేదని, కావాలంటే లెక్క చూడమని నా చేతిలో పెట్టింది. లెక్క సరిగానే ఉంది, కానీ మొదటి మాత్ర వేసుకున్నది ఎనిమిదో వారంలో. అందులో ఆమె తప్పు లేదు, ముందే వేసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. శ్రావణమాసపు పెళ్ళిళ్ళు దగ్గరపడుతున్నాయి కనుక ఇప్పుడే రాస్తున్నాను. ఏం తినాలో, ఎంత విశ్రాంతి తీసుకోవాలో ఇంట్లో పెద్దవాళ్ళు ఎలాగూ చెబుతారు.

ఎందుకు ముందే

అండం ఫలదీకరణ చెందిన 18వ రోజు ప్రాంతంలో పిండం వీపు మీద పలచని పలక ఏర్పడుతుంది. దాని అంచులు తమలపాకు చుట్టినట్టు పైకి లేచి, 22వ రోజు నుంచి ఒకదానితో ఒకటి కలుస్తూ గొట్టమవుతాయి. మెదడూ వెన్నుపామూ అయ్యేది ఆ గొట్టమే, అది సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. దాని తల వైపు కొస దాదాపు 25వ రోజుకు, నడుము వైపు కొస 28వ రోజుకు మూసుకుంటాయి. తల వైపు మూసుకోని బిడ్డ బతకదు. నడుము వైపు మూసుకోకపోతే కాళ్ళు చచ్చుబడవచ్చు, మలమూత్రాల మీద పట్టు లేకపోవచ్చు. పిండానికి సుమారు 14 రోజులు నిండేసరికి గానీ నెల తప్పదు. మరో వారం చూసి, కిట్టు తెచ్చి, డాక్టరును కలిసేసరికి గొట్టం మూసుకోవలసిన గడువు దాటిపోతుంది. డాక్టరు వారాలు లెక్కించేది చివరి నెలసరి నుంచి కనుక, "ఆరు వారాలు" అన్న నాటికే ఆ పని పూర్తయి ఉంటుంది.

ఎంత, ఎప్పటి నుంచి

గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం నెల ముందు నుంచి 12 వారాలు నిండే వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. ఇంతకు ముందు ఇలాంటి బిడ్డ పుట్టినా, మూర్ఛకు మందు వాడుతున్నా, షుగరు ఉన్నా డాక్టరు ఎక్కువ మోతాదు రాస్తారు. 1991లో వెలువడిన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనంలో, ఒకసారి ఇలాంటి బిడ్డను మోసిన తల్లులకు ఎక్కువ మోతాదు ఫోలిక్ యాసిడ్ వల్ల అదే లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. వారు దాన్ని మొదలుపెట్టింది గర్భం రాకముందే. అన్ని లోపాలనూ ఈ మాత్ర ఆపలేదు, అయినా ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు.

మిగిలినవి

నెల తప్పాక మొదలుపెడదామని అనుకోకండి. గర్భనిరోధకం ఏదీ వాడకుండా కాపురం చేస్తున్నవారు, ప్రయత్నించకపోయినా, ఈ మాత్ర వేసుకోండి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడేవారు దాన్ని సొంతంగా ఆపకండి, గర్భం రాకముందే న్యూరాలజిస్టును కలిసి మందు మార్పించుకోండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే, అది ఆపి నెల దాటే వరకు గర్భం రానివ్వకండి. షుగరును ముందే అదుపులోకి తెచ్చుకోండి. మద్యం మానండి. గ్రహణం రోజున గడప దాటకుండా కాపాడుకునే కుటుంబాలు పిండం ఏర్పడిన ఈ మొదటి నాలుగు వారాలను కూడా అంతే శ్రద్ధగా కాపాడుకోండి. గ్రహణం మొర్రికి గ్రహణంతో సంబంధం లేదు, ఆ పెదవి కలిసేది కూడా మొదటి రెండు నెలల్లోనే. స్కాన్ లేకుండా మందుల షాపులో గర్భస్రావం మాత్రలు కొనకండి. గర్భం గర్భసంచిలో కాక అండం వచ్చే ట్యూబులో ఉంటే అవి పనిచేయవు, ట్యూబు పగిలి ప్రాణం పోవచ్చు. నెల తప్పాక ఒకవైపు పొత్తికడుపు నొప్పి, కళ్ళు తిరగడం, భుజం నొప్పి ఉంటే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. మళ్ళీ చెబుతున్నాను, నెల తప్పేదాకా ఆగకండి. ఇప్పటికే ఆలస్యమైనవారు మాత్ర ఈరోజే మొదలుపెట్టి, 11 నుంచి 14 వారాల మధ్య ఒక స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ తప్పక చేయించుకోండి. మాత్ర ఏ వారంలో మొదలుపెట్టారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.