అసిస్టెంట్ చేతికి లైట్లు – 3వ పాఠం: ‘సగం’ అంటే ఎంత?

పోయిన పాఠంలో బ్రిడ్జి (బల్బులకు మన కమాండ్లు చేరవేసే పెట్టె) మీదున్న గుండ్రటి బటన్ నొక్కి, దానికి కమాండ్లు పంపేందుకు అనుమతిచ్చే కీ సంపాదించాం. నొక్కిన 30 సెకన్లలోపు కీ అడగకపోతే 101 నంబరు ఎర్రర్ వస్తుందని కూడా చూశాం. ఆ కీ ఇప్పుడు మీ దగ్గర వేరే ఫైల్లో ఉండాలి. నేరుగా కోడ్‌లోనే అతికించి ఉంటే, ముందు అక్కణ్ణుంచి తీసేసి రండి.

ఇవాళ ఒకే ఒక్క టూల్ రాద్దాం, అంటే ఏఐ అసిస్టెంట్ పిలిచి వాడుకునే ఒక ఫంక్షన్. బల్బు వెలుతురు పెంచడం, తగ్గించడం దాని పని. పట్టుమని పది లైన్లుండదు. నాకు మాత్రం దీనితోనే ఒక సాయంత్రం మొత్తం గడిచిపోయింది.

మొదటిసారి రాసినప్పుడు, టూల్ ఏం చేస్తుందో అసిస్టెంట్‌కి చెప్పే వివరణ దగ్గర ‘బల్బు వెలుతురు మారుస్తుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. తర్వాత అసిస్టెంట్‌తో ‘టేబుల్ లైటు సగానికి తగ్గించు’ అన్నాను. అది టూల్‌కి 50 అని పంపింది. ‘సగానికి తగ్గించాను’ అని జవాబూ ఇచ్చింది. చూస్తే పుస్తకంలో అక్షరాలు కనబడడం లేదు. బల్బు పోయిందేమోనని విప్పి మళ్లీ బిగించాను. బ్రిడ్జి ఆపి మళ్లీ ఆన్ చేశాను. తప్పు ఆ రెండిట్లోనూ లేదు. మనం వాడుతున్న ఫిలిప్స్ హ్యూ బల్బుల మొదటి తరం ఏపీఐలో (ప్రోగ్రాములు బ్రిడ్జికి కమాండ్లు పంపే పద్ధతి) వెలుతురు కొలత 1 నుంచి 254 దాకా ఉంటుంది. ఆ లెక్కన 50 అంటే సగం కాదు, ఐదో వంతు. ఆ సంగతి అసిస్టెంట్‌కి నేను ఎక్కడా చెప్పలేదు.

అసిస్టెంట్‌కి మీ గది కనబడదు, బల్బు కనబడదు. మీరు రాసిన కోడ్ కూడా కనబడదు. మొదటి పాఠంలో చెప్పుకున్న మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ గుర్తుంది కదా, అసిస్టెంట్ బయటి టూల్స్‌తో మాట్లాడే పద్ధతి, 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసినది. దాని ప్రకారం కనెక్ట్ కాగానే అసిస్టెంట్ వైపు నుంచి ‘నీ దగ్గర ఏమేం టూల్స్ ఉన్నాయి?’ అన్న ప్రశ్న వస్తుంది. మన సర్వర్, అంటే ఈ టూల్స్ ఉన్న మన ప్రోగ్రామ్, ఒక జాబితా ఇస్తుంది. ఒక్కో టూల్‌కి పేరు, వివరణ, ఏ విలువలు ఇవ్వాలో చెప్పే స్కీమా ఉంటాయి. ఆ నాలుగు వాక్యాలు చదివే అది మీ ఇంట్లో లైటు మీద చెయ్యి వేస్తుంది.

పైథాన్‌లో రాస్తుంటే ఫంక్షన్ పేరే టూల్ పేరు అవుతుంది, డాక్‌స్ట్రింగే (ఫంక్షన్ మొదట్లో దాని గురించి రాసే మాటలు) వివరణ అవుతుంది. మామూలుగా డాక్‌స్ట్రింగ్‌ని పనంతా అయ్యాక, తీరిక ఉంటే రాస్తాం. ఇక్కడ ముందు అదే రాయండి, కోడ్ తర్వాత. నేను చివరికి ఉంచుకున్నది ఇది:

‘ఒక బల్బు వెలుతురును శాతంలో మారుస్తుంది. శాతం 1 నుంచి 100 వరకు పూర్ణసంఖ్య. 100 అంటే పూర్తి వెలుతురు. బల్బు ఆరి ఉంటే వెలిగిస్తుంది. ఆర్పడానికి దీన్ని వాడకూడదు, దానికి వేరే టూల్ ఉంది. బల్బు నంబరు తెలియకపోతే ఊహించకుండా ముందు బల్బుల జాబితా టూల్‌ని పిలవాలి.’

చివరి వాక్యం అతి జాగ్రత్తలా అనిపించవచ్చు. అది లేకపోతే ‘కిటికీ పక్కన లైటు’ అన్నప్పుడు ఒక్కోసారి 1వ నంబరు బల్బే అయ్యుంటుందని అనుకుని పంపేస్తుంది. ఊహించవద్దని రాసి పెడితే చాలావరకు జాబితా చూసుకునే వస్తుంది.

ఇక లెక్క. శాతాన్ని 254తో గుణించి 100తో భాగించి, దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించండి. 50 శాతం 127 అవుతుంది, 1 శాతం 3 అవుతుంది. ఈ లెక్క ఫంక్షన్ లోపలే జరగాలి. దాన్ని అసిస్టెంట్ మీద పెట్టకండి. మనుషులు శాతాల్లో మాట్లాడతారు కాబట్టి టూల్ కూడా శాతాల్లోనే వినాలి. 1, 100 హద్దులు స్కీమాలో పెట్టండి, ఫంక్షన్ మొదట్లో మళ్లీ ఒకసారి చూడండి. హోమ్ అసిస్టెంట్ అనే ఇంటి ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు కొలత 0 నుంచి 255. అక్కడ శాతంలో ఇచ్చే వీలు కూడా ఉంది, అదే వాడుకోండి.

ఆరి ఉన్న బల్బుకి వెలుతురు సంఖ్య ఒక్కటే పంపితే బ్రిడ్జి ఒప్పుకోదు, 201 నంబరు ఎర్రర్ ఇస్తుంది. అందుకే వెలిగించమన్న మాట, వెలుతురు సంఖ్య రెండూ ఒకే కమాండ్‌లో వెళ్లాలి.

రంగు ఉష్ణోగ్రత టూల్‌నీ ఇదే పద్ధతిలో రాయొచ్చు. మనకు తెలిసిన కొలత కెల్విన్. బ్రిడ్జికి కావాల్సింది మిరెడ్. పది లక్షల్ని కెల్విన్‌తో భాగిస్తే మిరెడ్ వస్తుంది. 2700 కెల్విన్ వెచ్చటి పసుపు వెలుగు 370 అవుతుంది, 4000 కెల్విన్ 250 అవుతుంది. కెల్విన్ పెరిగే కొద్దీ మిరెడ్ తగ్గుతుంది. ఈ తిరగేసిన లెక్క కూడా కోడ్‌లోనే ఉంచండి.

తర్వాతది టూల్ ఇచ్చే జవాబు. నేను ఎక్కువ పట్టించుకునేది దీన్నే. ‘సరే, అయింది’ అని మాత్రం తిప్పి పంపకండి. కమాండ్ పంపాక బల్బు స్థితిని మళ్లీ చదవండి. ఆ స్థితిలో బల్బు అందుబాటులో ఉందా లేదా చెప్పే గడి ఒకటి ఉంటుంది. గోడ మీద స్విచ్ ఎవరైనా ఆపేస్తే బల్బుకి కరెంటే ఉండదు, ఇక కమాండ్ ఎవరు వింటారు? బ్రిడ్జి కమాండ్ తీసుకున్నంత మాత్రాన బల్బుకి చేరినట్టు కాదు. అందుబాటులో లేకపోతే జవాబు ఇలా ఉండాలి: ‘బల్బు అందుబాటులో లేదు. గోడ స్విచ్ ఆపి ఉండవచ్చు. వెలుతురు మారలేదు.’ అప్పుడు అసిస్టెంట్ కూడా మీతో అదే చెబుతుంది. లేని వెలుగు వచ్చిందని చెప్పే అసిస్టెంట్‌ని ఇంట్లో ఎవరూ రెండోసారి నమ్మరు, ముఖ్యంగా రాత్రిపూట మెట్ల లైటు మీద ఆధారపడే పెద్దవాళ్లు.

ఇంకొక్క మాట. సర్వర్‌ని అదే కంప్యూటర్‌లో స్టాండర్డ్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ ద్వారా నడుపుతుంటే, తప్పులు వెతకడానికి ప్రింట్ వాడకండి. ఆ అక్షరాలు ప్రోటోకాల్ సందేశాల మధ్యలో పడి కనెక్షన్ చెడిపోతుంది. లాగ్‌ని స్టాండర్డ్ ఎర్రర్‌కి పంపండి.

వచ్చే పాఠంలోపు ఈ మూడూ చేసి చూడండి. ఆరి ఉన్న బల్బుని 30 శాతానికి పెట్టమనండి. తర్వాత 150 శాతం అడిగి, టూల్ ఏమని అభ్యంతరం చెబుతుందో చదవండి. చివరగా గోడ స్విచ్ ఆపేసి, లైటు పెంచమని అడగండి. మూడోసారి ‘పెంచాను’ అన్న మాట వస్తే పైన జవాబు గురించి రాసిన భాగం మళ్లీ చదివి టూల్ సరిచేయండి. ఆ తర్వాత ‘గది మొత్తం’ అన్న మాట తీసుకుందాం. పన్నెండు బల్బులకు పన్నెండు కమాండ్లు పంపితే అవి ఒక్కొక్కటిగా ఎందుకు ఆరతాయో అక్కడ చూద్దాం.