గోళ్ల సర్వీసుల్లో ముందు ఏవి పెట్టుకోవాలి

రాజమండ్రిలో మా ఇంటి ముందుగదే నా పార్లర్. మొదట్లో రేటు కార్డు మీద గోళ్లకే పదకొండు సర్వీసులు రాశాను. జనం అడిగినవి మూడే.

అందుకే సామాన్లు కొనేముందు ఒక నెలపాటు నోట్‌బుక్‌లో రాయండి: ఎవరు ఏం అడిగారు, ఎంతసేపు పట్టింది, ఖర్చులు పోను గంటకు ఎంత మిగిలింది. పెడిక్యూర్ ఎలాగూ నడుస్తుంది. పెళ్లికూతుళ్లకు మానిక్యూర్ గోరింటాకుకు ముందే చేయండి. తర్వాత నానబెట్టి స్క్రబ్ చేస్తే రంగు పోతుంది, తిట్లు మనకు.

తర్వాత జెల్ పాలిష్, అంటే ల్యాంప్ వెలుతురు కింద గట్టిపడే పాలిష్. ల్యాంప్, బేస్, టాప్ కోట్, అయిదారు రంగులు చాలు. రెండు మూడు వారాలు నిలుస్తుంది. అయితే వేయడం కన్నా తీయడం బాగా నేర్చుకోండి. అసిటోన్‌లో తడిపిన దూది, పైన ఫాయిల్, పది పదిహేను నిమిషాలు ఓపిక. గీకితే గోరు పొరలు లేచిపోతాయి. తీసినందుకు విడిగా డబ్బు తీసుకోండి. నేను మొదట్లో మొహమాటపడి చాలా అరగంటలు ఉచితంగా పోగొట్టుకున్నాను.

జెల్ చర్మానికి అంటకూడదు. గట్టిపడని జెల్ పదేపదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అది కస్టమర్‌కే కాదు, మనకూ.

యాక్రిలిక్, అంటే పొడి, ద్రవం కలిపి కట్టే కృత్రిమ గోళ్లు, నేను పెట్టలేదు. వాసన ఘాటు, నాకున్నది ఒక్క కిటికీ, పక్కనే వంటగది. గోరు పచ్చబడి, మందంగా, పొడిపొడిగా రాలుతుంటే మాత్రం ఏ సర్వీసూ చేయకుండా చర్మ డాక్టర్ దగ్గరికి పంపేస్తాను.