ఏబీఎస్ మాడ్యూల్ బాగానే ఉంది, పోయింది వైరు వైపు టెర్మినలే

టోలిచౌకి దగ్గర మోకాలి లోతు వాననీళ్లలో కారు నడిపాను. మర్నాటికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు వెలిగింది, స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. కారు లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే యూ0121 వచ్చింది: ఏబీఎస్ మాడ్యూల్‌తో, అంటే దాన్ని నడిపే కంట్రోల్ యూనిట్‌తో, సంబంధం తెగిందని. గ్యారేజీలో మాడ్యూలే మార్చేయమన్నారు. నాకు ఒప్పబుద్ధి కాలేదు. ఆ కోడ్ చెప్పేది మాట అందడం లేదని మాత్రమే. మాడ్యూల్ చచ్చిపోయిందని కాదు.

ముందు ఫ్యూజులు, మాడ్యూల్‌కి వచ్చే పవర్, ఎర్త్ చూశాను. బాగున్నాయి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెట్టాను. ఆ పిన్నులు క్యాన్ లైనువి, కారులోని మాడ్యూళ్లు మాట్లాడుకునే రెండు వైర్ల జత అది. దాని రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి పారలల్‌గా ఉంటాయి కాబట్టి అక్కడ 60 ఓమ్‌ల దాకా రావాలి. నాకు 120 వచ్చింది. అంటే ఒక కొస లైన్లో లేదు. నా కారు వైరింగ్ డయాగ్రమ్ ప్రకారం ఆ కొస ఏబీఎస్ మాడ్యూల్‌లోనే ఉంది. వెతకాల్సిన చోటు తేలిపోయింది.

కనెక్టర్ లాక్ ఎత్తి లాగితే లోపల తడి. ఆ జతలో ‘క్యాన్-లో’ (CAN Low) అనే వైరు టెర్మినల్ మీద పచ్చటి చిలుము, ముట్టుకోగానే పొడిలా రాలింది. మాడ్యూల్ వైపు పిన్ను మాత్రం పాడవలేదు, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిస్తే మెరిసింది. వైరు వైపు కొత్త టెర్మినల్ క్రింప్ చేయించి (నొక్కి బిగింపించి), నలిగిన రబ్బరు సీలు కూడా మార్పించాను. సీలు వదిలేస్తే వచ్చే వానకి మళ్లీ ఇదే గొడవ.

మీటర్ పెడితే 60. బ్యాటరీ కలిపి కోడ్ చెరిపేశాను. మెహదీపట్నం దాకా వెళ్లొచ్చినా లైటు వెలగలేదు.