ప్లాటర్‌లో షీట్ పాడైందా? తప్పు ఎక్కడ దూరిందో చూద్దాం

ఆర్కిటెక్చర్ విద్యార్థుల డ్రాయింగ్‌లని పరీక్షించే జ్యూరీకి ముందు రోజు, ప్లాటర్ (పెద్ద షీట్లు తీసే ప్రింటర్) ఉన్న గదిలో తరచూ వినిపించే మాట: "స్క్రీన్ మీద బాగానే ఉంది కదా!" ఇలాంటి తప్పులు చాలావరకు ప్లాటర్‌వి కావు, పీడీఎఫ్ చేసేటప్పుడే దూరినవి. అందుకే మెషీన్‌ని అనుమానించే ముందు ఫైల్ తెరిచి చూడండి.

స్కేల్ పెట్టి కొలిస్తే తేడా వస్తోంది

1:100లో 5 మీటర్ల గోడ కాగితం మీద 50 మి.మీ. రావాలి. 48 వచ్చిందంటే ప్రింట్ చేసేటప్పుడు 'ఫిట్' ఆప్షన్ ఆన్‌లో ఉండిపోయినట్టే. మార్జిన్ల కోసం అది డ్రాయింగ్ మొత్తాన్ని కుదించేస్తుంది. 'యాక్చువల్ సైజ్' ఎంచుకుని మళ్ళీ తీయండి.

తేడా సరిగ్గా రెట్టింపు ఉంటే కారణం వేరు. ఏ3 పేజీలో 1:100కి పెట్టిన ప్లాన్‌ని ఏ1కి పెంచితే అది 1:50 అయిపోతుంది, టైటిల్ కింద మాత్రం 1:100 అనే ఉంటుంది. పేజీ సైజు మొదటే 594 × 841 మి.మీ. పెట్టుకోండి. ప్రతి ప్లాన్ కింద స్కేల్ బార్ కూడా గీయండి. షీట్‌ని ఎంత కుదించినా, పెంచినా అది అబద్ధం చెప్పదు.

గీతలన్నీ ఒకే మందం, లేదా రంగురంగులుగా వచ్చాయి

ల్యాబ్ కంప్యూటర్‌లో మీ సీటీబీ ఫైల్ (ఏ గీత ఏ మందంలో, ఏ రంగులో రావాలో చెప్పేది) లేదు. ఎక్స్‌రెఫ్‌లు (డ్రాయింగ్‌కి జతచేసిన వేరే ఫైళ్ళు) మాయమైనా, అక్షరాలు మారిపోయినా జబ్బు ఇదే: డ్రాయింగ్ ఒక్కటే వచ్చింది, దాని సరంజామా రాలేదు. మీ కంప్యూటర్‌లోనే పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళండి. ఆటోక్యాడ్ ఫైలే ఇవ్వాల్సి వస్తే అందులోని ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో అన్నీ కట్టగట్టి ఇవ్వండి.

ఫైల్ క్యూలో కదలడం లేదు

కారణం బరువైన రెండర్లు (కంప్యూటర్‌లో తయారుచేసిన భవనం బొమ్మలు), వాటి మీద పారదర్శకమైన లేయర్లు. ఏ1 షీట్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) దాదాపు 7016 × 9933 పిక్సెళ్ళు. గోడకు పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చూసే రెండర్‌కి 150 డీపీఐ చాలు, పిక్సెళ్ళు నాలుగో వంతుకు పడిపోతాయి. లేయర్లని ఫ్లాటెన్ చేయండి, అంటే ఒకే పొరగా కలిపేయండి, కానీ గీతలనీ అక్షరాలనీ పిక్సెళ్ళుగా మార్చకుండా వెక్టర్‌గానే ఉంచండి. ఇక దయచేసి అదే ఫైల్‌ని మళ్ళీ మళ్ళీ పంపకండి. మొదటిది కదిలాక అన్నీ వరసగా వచ్చేస్తాయి. కాగితం దండగ, వెనక నిలబడ్డవాళ్ళ సమయం కూడా పోతుంది.

కాగితం అలలు తేలింది, నలుపు చేతికి అంటుతోంది

పల్చటి బాండ్ పేపర్ అంత ఇంకుని మోయలేదు. షీట్ నిండా నల్లటి నేపథ్యం కావాలంటే మందపాటి కోటెడ్ పేపర్ అడగండి, ప్లాటర్ సెట్టింగ్‌లోనూ అదే రకం ఎంచుకోవాలి. పూర్తిగా ఆరేదాకా చుట్టకండి. నిజం చెప్పాలంటే, తెల్ల కాగితం మీద ప్లాన్ చదివినంత సులువుగా నలుపు మీద చదవలేం.

అంచు తెగిపోయింది

24 అంగుళాల రోల్ వెడల్పు 610 మి.మీ. ఏ1 పెడితే అటూ ఇటూ మిగిలేది చెరో 8 మి.మీ. మాత్రమే. కాగితం కాస్త పక్కకి జరిగినా బోర్డర్ పోతుంది. ముఖ్యమైనదేదీ అంచుకి 15 మి.మీ. లోపు పెట్టకండి.

అడ్డంగా చారలు

ఇది మాత్రం మెషీన్ సమస్యే అయ్యుండొచ్చు. ప్రింట్ హెడ్‌లో నాజిల్ (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం) మూసుకుపోయినా, పేపర్ రకం తప్పుగా పెట్టినా ఇలా వస్తుంది. మీరు మూత తీయకండి. షీట్ ఆపరేటర్‌కి చూపించి, నాజిల్ చెక్ చేయమని అడిగి, అది శుభ్రంగా వచ్చాకే మళ్ళీ పంపండి.