మధ్యేమార్గ పార్టీ పెట్టాలంటే: రిజిస్ట్రేషన్ కాగితాల నుంచి బూత్ లెక్క దాకా

ఉదారవాద మధ్యేమార్గ పార్టీలకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దాని అధ్యక్షుడు నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా. 1962లో ఆ పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44 వచ్చాయి. 1974కల్లా భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. మన కాలంలో దగ్గరి ఉదాహరణ లోక్‌సత్తా. 1996లో ఉద్యమంగా మొదలై 2006 అక్టోబరు 2న పార్టీ అయింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 294 స్థానాల్లో ఒక్క కూకట్‌పల్లి గెలిచింది, అక్కడ పోటీ చేసింది పార్టీ వ్యవస్థాపకుడు జయప్రకాశ్ నారాయణ. రాష్ట్రమంతా కలిపి వచ్చిన ఓట్లు రెండు శాతం లోపే. ఇలాంటి పార్టీలకు మంచి పేరు సులువుగానే వస్తుంది. ఓట్లు మాత్రం రాష్ట్రమంతా పలుచగా పరుచుకుపోతాయి, ఎక్కడా సీటుకు సరిపడా పోగవవు. కింద చెప్పే పనులన్నీ ఆ ఓట్లను ఒకచోట చేర్చడానికే.

కాగితాల పని

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షన్ ప్రకారం పార్టీ ఏర్పడిన 30 రోజుల్లోపు ఢిల్లీలోని ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేరాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఆవిర్భావ సభ ఆర్భాటంగా జరుపుతారు, కాగితాలు మాత్రం ఆ తర్వాత పోగుచేయడం మొదలుపెడతారు. గడువు దాటితే దరఖాస్తు చెల్లదు. అన్నీ సిద్ధమయ్యాకే ఆవిర్భావ తేదీ ప్రకటించండి.

10,000 రూపాయల డీడీ, పార్టీ నియమావళి, కనీసం 100 మంది సభ్యుల జాబితా కావాలి. ఆ నూరుగురూ నమోదైన ఓటర్లై ఉండాలి. మరే పార్టీలోనూ సభ్యులం కామని ఒక్కొక్కరూ విడిగా అఫిడవిట్ ఇవ్వాలి. సరిగ్గా 100 మందితో వెళ్లొద్దు. ఓటరు జాబితాలో పేరు తప్పుగా ఉన్నవాళ్లు, పాత పార్టీ సభ్యత్వం మరిచిపోయినవాళ్లు ఎలాగూ బయటపడతారు. 120, 130 మందితో వెళ్తే నిశ్చింత. ప్రధాన కార్యాలయం అద్దె ఇంట్లో ఉంటే యజమాని అంగీకార పత్రం తీసుకోండి. మతాన్నో కులాన్నో సూచించే పేర్లు, ఉన్న పార్టీల పేర్లకు దగ్గరగా ఉన్నవీ ఒప్పుకోరు.

నియమావళిలో రాజ్యాంగం పట్ల విధేయత, సామ్యవాదం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం, దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రత గురించి చట్టంలో ఉన్న వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు పెట్టాలి. స్వేచ్ఛా మార్కెట్ కోరే పార్టీ సామ్యవాదానికి కట్టుబడతానని రాసివ్వడం విడ్డూరమే, కానీ ఆ వాక్యం లేకపోతే కాగితం ముందుకు కదలదు. పదవులకు ఎన్నికలు ఎన్నేళ్లకోసారి, విలీనం ఎవరు నిర్ణయించాలి, ఖాతా మీద సంతకాలెవరివి అన్నవి కూడా స్పష్టంగా రాయాలి. పార్టీ కమిటీల్లో నామినేట్ చేసే సభ్యులు మూడోవంతు మించకూడదు. విలీనం నిబంధనను నామమాత్రంగా వదిలేయకండి. ప్రజారాజ్యం 2008లో పుట్టి 2009లో 18 సీట్లు గెలిచి, 2011లో కాంగ్రెస్‌లో కలిసింది. విలీనానికి మూడింట రెండొంతుల సభ్యుల ఓటు కావాలని రాసుకున్న పార్టీని నాయకుడొక్కడే అప్పగించలేడు.

దరఖాస్తు చేరాక ప్రతిపాదిత పేరు, ఆఫీసు బేరర్ల వివరాలు రెండు జాతీయ, రెండు స్థానిక దినపత్రికల్లో ప్రకటించి, అభ్యంతరాలకు 30 రోజులు ఆగాలి. ఆ ప్రకటనల ఖర్చు డీడీ సొమ్ముకంటే ఎక్కువే అవుతుంది, ముందే పక్కన పెట్టుకోండి.

డబ్బు

ఒక్కొక్కరి దగ్గర 2,000 రూపాయలు మించి నగదు తీసుకోకూడదు. ఒక ఆర్థిక సంవత్సరంలో 20,000 దాటి ఇచ్చిన ప్రతి దాత పేరూ ఫారం 24ఎలో ఎన్నికల సంఘానికి తెలపాలి. దాన్ని ఆదాయపు పన్ను రిటర్ను గడువులోగా ఇవ్వకపోతే పన్ను మినహాయింపు పోతుంది. ఎలక్టోరల్ బాండ్లు 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు తీర్పుతో పోయాయి, ఆ దారి గురించి ఆలోచించే పనే లేదు.

ఇలాంటి పార్టీలకు అమెరికాలోని తెలుగువాళ్ల మద్దతు బాగా ఉంటుంది. అక్కడే జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గ్రీన్‌కార్డుదారులైనా విరాళం ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఓసీఐ కార్డు చూపించినా విదేశీ విరాళమే అవుతుంది, 29బి సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది. వెబ్‌సైట్‌లో డబ్బు కట్టే పేజీలోనే పాస్‌పోర్టు నంబరు అడగండి. తర్వాత ఏరి వెనక్కి పంపడం పెద్ద తలనొప్పి.

గుర్తు

రిజిస్టరైనంత మాత్రాన గుర్తు రాదు. గుర్తింపు లేని పార్టీలకు రాష్ట్రమంతా ఒకే గుర్తు కావాలంటే 1968 గుర్తుల ఉత్తర్వులోని 10బి పేరా కింద అడగాలి. కనీసం 5 శాతం అసెంబ్లీ స్థానాల్లోనో, రెండు లోక్‌సభ స్థానాల్లోనో పోటీ చేస్తామని హామీ ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 175లో 5 శాతం అంటే 9 స్థానాలు, తెలంగాణలో 119లో 6. సభ గడువు ముగియడానికి 6 నెలల ముందు దరఖాస్తులు తీసుకోవడం మొదలవుతుంది, ముందు అడిగినవాళ్లకు ముందు. పది గుర్తులు ప్రాధాన్య క్రమంలో రాయాలి. నోటితో చెప్పగలిగేవీ, గోడమీద పిల్లాడు కూడా గీయగలిగేవీ ఎంచుకోండి. లోక్‌సత్తా గుర్తు ఈల, ఊదితే చాలు, ప్రచారం అయిపోయేది.

ఫలానా వ్యక్తి మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే ఫారం ఎ, బి నామినేషన్ల చివరి తేదీ మధ్యాహ్నం 3 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. పది నిమిషాలు ఆలస్యమైనా మీ అభ్యర్థి స్వతంత్రుడే. గుర్తింపు లేని పార్టీ అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలి, పన్నెండు మందితో వెళ్లడం మంచిది.

ఎక్కడ పోటీ చేయాలి

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే. మనవి గెలుపు ఒక్కరికే దక్కే ఎన్నికలు. 2.5 లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో బూత్‌కు 1,200 చొప్పున 209 బూత్‌లుంటాయి. 70 శాతం పోలింగ్ అయితే 1.75 లక్షల ఓట్లు. డిపాజిట్ దక్కాలంటే ఆరోవంతు దాటాలి, అంటే 29,167, బూత్‌కు సుమారు 140. ముక్కోణ పోటీలో 38 శాతంతో గెలవాలన్నా బూత్‌కు 318 కావాలి. మీ దగ్గర బూత్‌కు 20 మంది అభిమానులుంటే డిపాజిట్ కూడా దక్కదు. వంద చోట్ల పోటీ చేస్తే పోయేది డిపాజిట్‌లే కాదు, "వీళ్లకు ఓటేస్తే వృథా" అన్న ముద్ర పడుతుంది. అది చెరపడం చాలా కష్టం.

కాబట్టి 10బి కోరే కనీస సంఖ్యకే పరిమితం కండి. ఒకే జిల్లాలో ఆనుకుని ఉన్న స్థానాలైతే మేలు. వాటిలో రెండింటిని నిజంగా గెలవాలనుకుని పని చేయండి. రాష్ట్ర పార్టీగా గుర్తింపుకు ఒక మార్గం 6 శాతం ఓట్లు, ఇద్దరు ఎమ్మెల్యేలు. అది రెండో, మూడో ఎన్నికకు పెట్టుకోవాల్సిన గురి.

అసెంబ్లీకి ముందు మున్సిపల్ వార్డులు. అక్కడ కొన్ని వందల ఓట్ల తేడాతో ఫలితం తేలుతుంది. స్థానిక ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చూస్తుంది, దాని దగ్గర విడిగా నమోదు కావాలి. సర్పంచ్ ఎన్నికలు పార్టీరహితం, ఎంపీటీసీ, జడ్పీటీసీ, మున్సిపాలిటీలు పార్టీ గుర్తులతో జరుగుతాయి.

మధ్యేమార్గులు మరిచిపోయే బరి ఒకటుంది: పట్టభద్రుల ఎమ్మెల్సీ. ఇక్కడ ప్రాధాన్య ఓటు, అంటే ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తాడు. చెల్లిన ఓట్లలో సగానికి పైగా రావాలి, లేకపోతే అడుగున ఉన్నవాళ్లను తీసేస్తూ వాళ్ల రెండో ప్రాధాన్యాలు పంచుతారు. ఎవరికీ పెద్దగా కోపం లేని అభ్యర్థికి రెండో ప్రాధాన్యాలు బాగా వస్తాయి. అయితే తొలి వరుసల్లో తొలగిపోతే ఆ ఓట్లు లెక్కలోకే రావు, మొదటి ప్రాధాన్యంలో మొదటి ముగ్గురిలో ఉండాలి. ఓటరు జాబితా ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది, పాతవాళ్లు కూడా ఫారం 18 మళ్లీ నింపాలి. కాబట్టి ప్రచారంలో సగం పని నమోదులోనే అయిపోతుంది. అభ్యర్థి ఖర్చుకు పరిమితి లేకపోవడం మాత్రం చిన్న పార్టీకి నష్టమే.

ఏం మాట్లాడాలి

రెండు వైపులవాళ్లనూ సమానంగా తిడితే మధ్యేమార్గం కాదు, ఓటరుకు అది చిరాకు. వార్డుకు తలసరి నిధులు, ధ్రువపత్రం ఎన్ని రోజుల్లో రావాలి, రాకపోతే రోజుకు ఎంత పరిహారం లాంటి రెండు మూడు కొలవగలిగే హామీలు చాలు. వ్యవస్థ మారాలన్న మాటకు కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో చప్పట్లు వస్తాయి. పల్లెలో అది "మాకేంటి?" దగ్గర ఆగిపోతుంది.

ఓట్లయ్యాక

బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో చెప్పే ఫారం 17సి నకలు ప్రతి బూత్ నుంచీ తెచ్చుకోండి. వచ్చేసారి ఎక్కడ పని చేయాలో మాత్రం అభ్యర్థులకు బూత్‌ల వారీగా వచ్చిన ఓట్లుండే ఫారం 20 చెబుతుంది. అభ్యర్థి ఖర్చుల లెక్క ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడొచ్చు. పార్టీ తన లెక్కను అసెంబ్లీ ఎన్నికైతే 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో పంపాలి. ఆ తర్వాత కార్యాలయానికి తాళం వేసి ఐదేళ్లకు రావొచ్చనుకోకండి. 2019 నుంచి ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయని 334 పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తీసేసింది.