బడిలో ప్రజారోగ్యం, 3వ పాఠం: జబ్బు రాని పిల్లల్నీ అడగండి

పోయిన వారం ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ అన్న మూడు ప్రశ్నలతో జబ్బుపడ్డవాళ్ల జాబితా రాశాం కదా. ఈ వారం దాని పక్కన ఇంకో జాబితా కావాలి, జబ్బు రానివాళ్లది. పిల్లలకి ఈ ఒక్క విషయం బాగా పట్టుబడితే చాలు అనిపిస్తుంది నాకు.

చెన్నైలో పెరంబూరు వైపు ఒక బడి అనుకుందాం (అంకెలు క్లాసు కోసం నేను వేసుకున్నవే). వార్షికోత్సవం రోజు భోజనంలో వడ, కొబ్బరి చట్నీ, పులిహోర పెట్టారు, 80 మంది పిల్లలు తమకి నచ్చినవి తిన్నారు, సాయంత్రానికి 33 మందికి వాంతులు. ఆ 33 మందినీ అడిగితే 24 మంది పులిహోర తిన్నామన్నారు. క్లాసంతా "పులిహోరే టీచర్!" అంటుంది. అననివ్వండి, వెంటనే దిద్దకండి. బాగున్న 47 మంది ఏం తిన్నారో అప్పుడు అడగమనండి.

ఇక బోర్డు మీద వేయండి. పులిహోర తిన్నవాళ్లు 60, వాళ్లలో జబ్బుపడ్డది 24, అంటే 40 శాతం. తిననివాళ్లు 20, జబ్బుపడ్డది 9, అంటే 45 శాతం. పులిహోర ఎక్కువమంది తిన్నారు కాబట్టే జబ్బుపడ్డవాళ్లలోనూ ఎక్కువమంది దాని పేరు చెప్పారు, అంతే. ఇప్పుడు చట్నీ: తిన్న 50 మందిలో 30, తినని 30 మందిలో 3. అంటే 60 శాతం, 10 శాతం. ఈ శాతాన్నే అటాక్ రేటు అంటారు. 60ని 10తో భాగిస్తే 6, చట్నీ తిన్నవాళ్లకి ముప్పు ఆరు రెట్లన్నమాట.

చట్నీ తినకుండానే ముగ్గురికి ఎందుకొచ్చింది అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకి టైమివ్వండి, పీరియడ్ అయిపోయినా పర్వాలేదు. తిన్న సంగతి మర్చిపోయి ఉండొచ్చు, చట్నీ గరిటెతోనే ఇంకోటి వడ్డించి ఉండొచ్చు, అసలు వేరే జబ్బే కావచ్చు. జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే వెతకనివ్వండి.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు కూడా బాగున్నవాళ్ల సంగతి పట్టించుకున్నాడు. ఆయన అనుమానించిన బ్రాడ్ స్ట్రీట్ మంచినీళ్ల పంపు దగ్గర్లోనే పేదవాళ్లని ఉంచి పని చేయించే ఒక వర్క్‌హౌస్, అందులో 535 మంది, చుట్టుపక్కలంతా చావులే అయినా అక్కడ చనిపోయింది 5 గురే. వాళ్లకి సొంత బావి ఉంది. పంపు నీళ్లమీద ఆయన అనుమానం గట్టిపడటానికి ఇదీ ఒక కారణం.

ఈ వారం హోంవర్క్ మీకే. అదే భోజనంలో వడ తిన్నవాళ్లు 54, వాళ్లలో జబ్బుపడ్డది 30. తిననివాళ్లు 26, జబ్బుపడ్డది 3. అటాక్ రేట్లు వేస్తే వడ కూడా దోషిలాగే కనిపిస్తుంది. అయితే ఆ 54 మందిలో నలుగురు చట్నీ లేకుండా ఉత్త వడే తిన్నారు, నలుగురికీ ఏమీ కాలేదు. ఇదెందుకో మీ తొమ్మిదో తరగతి పిల్లలు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.