పల్స్ డిటెక్టర్ కాయిల్‌కి ఏ కేబుల్ వేయాలి?

మా పెద్దమ్మ ముక్కుపుడక వేరుశనగ చేలో పడిపోయింది. నేను సొంతంగా చేసుకున్న పల్స్ ఇండక్షన్ డిటెక్టర్‌తో (కాయిల్‌లోకి కరెంటును పల్స్‌లుగా పంపి, లోహం నుంచి తిరిగొచ్చే సిగ్నల్ వినే మెటల్ డిటెక్టర్) రెండు పూటలు వెతికాను. పాత మేకులు, నాగలి ముక్క మోగాయి. పుడక మోగలేదు. ఇంటికొచ్చి ఆమె రెండో పుడకను కాయిల్‌కి ఆనించి పెట్టినా మోగలేదు. లోపం కేబుల్‌లో ఉంది. నేను వాడింది రెండు మీటర్ల మైక్ కేబుల్. కొలిచే మీటర్ పెడితే దాని కెపాసిటెన్స్ (ఛార్జ్‌ను నిల్వ ఉంచుకునే గుణం) 400 పికోఫారడ్‌లు దాటింది.

పల్స్ ఆగాక కాయిల్‌లో లేచే వోల్టేజ్ అణిగితేనే మనం సిగ్నల్ వినగలం. చిన్న బంగారం ఇచ్చే సిగ్నల్ కొన్ని మైక్రోసెకన్లలోనే ఆరిపోతుంది. కేబుల్ కెపాసిటెన్స్ పెరిగేకొద్దీ ఆ అణగడం ఆలస్యమవుతుంది, ఈలోపు పుడక సిగ్నల్ పోతుంది. మేకుకు ఈ ఇబ్బంది లేదు.

అందుకే కేబుల్ కొనేముందు మీటరుకు ఎన్ని పికోఫారడ్‌లో చూడండి. కోయాక్సియల్ కేబుల్ (నడిమి తీగ చుట్టూ షీల్డ్ ఉండేది) రకాల్లో ఆర్‌జీ-58 సుమారు 100, ఆర్‌జీ-62 సుమారు 44. అంకె చూసి ఆర్‌జీ-62 తెచ్చుకోబుద్ధవుతుంది. కానీ దాని నడిమి తీగ మామూలుగా రాగి పూత వేసిన ఒంటి ఉక్కు తీగ. అయస్కాంతం పెడితే అతుక్కుంటుంది, పదేపదే వంగితే విరుగుతుంది. నేను మాత్రం సన్న రాగి పోగుల ఆర్‌జీ-58 సీ/యూ తీసుకుని 1.2 మీటర్లకే కత్తిరిస్తాను. 120 పికోఫారడ్‌లతో సరిపోతుంది.

బయటి విద్యుత్ గోలను ఆపడానికి కాయిల్ మీద వేసే లోహపు పొర, అంటే షీల్డ్, పూర్తి రింగుగా కలవకూడదు, ఒకచోట సెంటీమీటరు ఖాళీ వదలాలి. లేకపోతే అదే షార్ట్ అయిన చుట్టులా పనిచేస్తుంది. చుట్టుకీ షీల్డ్‌కీ మధ్య పలచటి ఫోమ్ పెడితే కెపాసిటెన్స్ ఇంకా తగ్గుతుంది. మీది వీఎల్ఎఫ్ రకమైతే (పల్స్‌లు కాకుండా తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను ఆగకుండా పంపే డిటెక్టర్) పంపే జతకూ అందుకునే జతకూ విడివిడి షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌లను బాక్స్ వైపే గ్రౌండ్ చేయండి.

తీగ తెగేది ఎక్కువగా సోల్డర్ ఆగిన చోటే. అక్కడ స్లీవ్ వేసి, కాయిల్ మూతకు కేబుల్‌ను పట్టి ఉంచే గ్లాండ్ బిగించండి. కాయిల్ దగ్గర వంగడానికి కాస్త వదులుంచి, మిగతాది కర్రకు గట్టిగా చుట్టి టేప్ వేయండి.

కేబుల్ మారితే డ్యాంపింగ్ రెసిస్టర్ (కాయిల్‌కి అడ్డంగా వేసి, ఆ వోల్టేజ్‌ను ఊగకుండా అణచే రెసిస్టర్) కూడా మారాలి. కెపాసిటెన్స్ తగ్గితే దాని విలువ పెరుగుతుంది. నాకు 390 ఓమ్‌ల నుంచి 680కి వెళ్లింది. వోల్టేజ్‌ను గీతగా చూపే ఆసిలోస్కోప్ మీద ఆ గీత ఊగకుండా త్వరగా కిందికి దిగేదాకా ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) తిప్పి, ఆ విలువకు మామూలు రెసిస్టర్ వేశాను.

చివరగా లోహమేదీ దగ్గర్లో లేకుండా డిటెక్టర్ ఆన్ చేసి, కేబుల్ పొడవునా వేళ్లతో కదుపుతూ రండి. ఎక్కడ మోగితే అక్కడ జాయింట్ విప్పి మళ్లీ సోల్డర్ చేయాలి. ఇదయ్యాక పెద్దమ్మ రెండో పుడక మూడు సెంటీమీటర్ల దూరం నుంచి మోగింది. చేలోది ఆ వారమే దొరికింది.